కొత్త గదికీ పాత గోడకూ ఎందుకు పడదు?

పోయిన ఏడాది వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం, మా బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్న అమ్మాయి ఒకతె మా ఇంటికి వచ్చింది. చేతిలో నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం ఉంది. దానిమీద వాళ్ళ ఇంటి పటం పెన్సిలుతో గీసి ఉంది.

“మాస్టారూ, మా ఇంటి వెనకవైపు ఒక గది వేస్తున్నాం. నాయనమ్మ వసారాలో పడుకుంటోంది. వాన వస్తే మంచం ఎత్తి లోపలికి తేవాలి. ఈ ఏడు మిరపకాయల డబ్బు వచ్చింది కదా, గది వేద్దామన్నాడు నాన్న. మూడు గోడలు కడితే చాలు, నాలుగో గోడ ఎలాగూ ఉంది, శ్లాబు దానిమీద ఆనిద్దాం అంటున్నాడు మేస్త్రి. ఇటుకా సిమెంటూ కలిసొస్తాయట. అలా చేయొచ్చా?”

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆ అమ్మాయిని మా వెనక గదిలోకి తీసుకువెళ్ళి గోడ చూపించాను. ఆ గది మేము 2006లో పాత ఇంటికి కలిపి కట్టించుకున్నది. సరిగ్గా ఆ మేస్త్రి చెప్పిన పద్ధతిలోనే కట్టించాం. మూడు కొత్త గోడలు, నాలుగోది పాత గోడ. పాత గోడకూ కొత్త గోడకూ పట్టు ఉండాలని పాత గోడలో అక్కడక్కడా ఇటుకలు ఊడదీసి, కొత్త ఇటుకల కొసలు ఆ సందుల్లోకి దూర్చారు. చూడ్డానికి రెండూ ఒకటే గోడలా ఉన్నాయి. సున్నం వేసేసరికి అతుకు ఎక్కడుందో కూడా తెలియలేదు.

రెండో వేసవికి అతుకు ఎక్కడుందో గోడే చూపించింది. నేలనుంచి శ్లాబుదాకా నిలువునా ఒక పగులు! అప్పటికి నేను సైన్సు చెప్పడం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. పీడనం అంటే ప్రమాణ వైశాల్యం మీద పనిచేసే బలం అని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. తీరా నా ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం గుర్తు రాలేదు.

పగులు పక్కన వరసగా కాగితపు ముక్కలు అంటించి ఉండడం ఆ అమ్మాయి చూసింది. ఒక్కొక్కదాని మీద ఒక తేదీ. “ఇవేమిటి మాస్టారూ?” అంది. ఆ కాగితాలు చెప్పిన కథే ఈ వ్యాసం.

పగులుకు నోరుంది

గోడలో పగులు కనిపిస్తే మనం ఏం చేస్తాం? కాస్త సిమెంటు కలిపి పూసేస్తాం. అది సాక్షి నోరు మూయడం లాంటిది. ముందు ఆ పగులు ఏం చెబుతున్నదో వినాలి.

మా గోడలో పగులు కింద వెంట్రుకంత సన్నంగా ఉంది. పైకి వెళ్ళేకొద్దీ వెడల్పయింది. శ్లాబు దగ్గర పెన్సిలు దూరేంత ఉంది, అంటే సుమారు 7 మిల్లీమీటర్లు. దీన్ని బట్టి ఏం తెలుస్తుంది? రెండు పుస్తకాలను బల్లమీద పక్కపక్కన ఆనించి నిలబెట్టండి. ఒక పుస్తకం అవతలి అంచు కింద బల్ల కొంచెం కుంగిందనుకోండి. ఆ పుస్తకం అవతలికి ఒరుగుతుంది. రెండింటి మధ్య సందు కింద సన్నంగా, పైన వెడల్పుగా ఏర్పడుతుంది. మా గదికీ అదే జరిగింది. కొత్త గది పాత ఇంటినుంచి అవతలికి ఒరిగింది. అంటే దాని అవతలి గోడ కింద నేల కుంగింది.

ఎంత కుంగింది? మీ లెక్కల మాస్టారు చెప్పిన సరూప త్రిభుజాలు ఇక్కడ పనికివస్తాయి. మా గది పాత గోడనుంచి 3 మీటర్లు బయటికి ఉంది. ఎత్తు కూడా 3 మీటర్లే. కాబట్టి పైన పగులు ఎంత వెడల్పుంటే, అవతలి గోడ సుమారు అంతే కుంగిందన్నమాట. 7 మిల్లీమీటర్లు! నేలను తవ్వకుండా, పెన్సిలుతోనే ఈ సంగతి తెలిసింది.

ఇక కాగితం ముక్కలు. సన్నని కాగితం పట్టీని పగులుకు అడ్డంగా, రెండు కొసలా గట్టిగా అంటించి తేదీ వేయాలి. కొన్ని నెలలకు కాగితం చిరిగితే పగులు ఇంకా పెరుగుతున్నదని అర్థం. ముడతపడితే దగ్గరికి వస్తున్నదని అర్థం. అలాగే ఉంటే కదలిక ఆగిందని అర్థం. పాత కట్టడాలను పరీక్షించే ఇంజనీర్లు ఇదే పనికి గాజు పలకలు కూడా అతికిస్తారు. గోడ కదిలితే గాజు పుటుక్కున విరుగుతుంది.

మా కాగితాల్లో మే నెలలో అంటించినవి వానాకాలానికి ముడతపడ్డాయి. అక్టోబరులో అంటించినవి ఏప్రిల్‌కు చిరిగాయి. అంటే పగులు ఎండాకాలంలో తెరుచుకుని, వానాకాలంలో దగ్గరపడుతున్నది. కాని పూర్తిగా ఎన్నడూ మూసుకోలేదు. ఇక్కడ దోషి ఒకరు కాదు, ఇద్దరన్నమాట. ఒకరు ఏడాదికోసారి వచ్చిపోయేవారు, రెండోవారు వచ్చి తిష్ఠవేసినవారు.

నేల నలుగుతుంది

ముందు తిష్ఠవేసిన దోషిని పట్టుకుందాం. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న చిన్న గది బరువెంత ఉంటుందో ఊహించండి. శ్లాబు 12 సెంటీమీటర్ల మందం అనుకుందాం. గోడల మీదికి వచ్చే భాగంతో కలిపి సుమారు 15 చదరపు మీటర్లు. ఒక ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2,500 కిలోలు తూగుతుంది. కాబట్టి శ్లాబు ఒక్కటే నాలుగున్నర టన్నులు. తలుపూ కిటికీలూ పోగా మూడు ఇటుక గోడలూ కలిసి సుమారు 11 టన్నులు. మొత్తం పదిహేను టన్నుల పైమాటే. దాదాపు నాలుగు పెద్ద ఏనుగులు మీ పెరట్లోకి వచ్చి నిలబడ్డాయనుకోండి. అవి ఇక ఎన్నటికీ కదలవు.

ఈ బరువు నేల మీద తగ్గాలనే పునాదిని గోడకంటే వెడల్పుగా వేస్తారు. 60 సెంటీమీటర్ల వెడల్పున్న పునాది వేస్తే, పునాది రాళ్ళ బరువును పక్కనపెట్టి చూస్తే, ఒక చదరపు మీటరు మీద సుమారు రెండున్నర టన్నులు పడుతుంది. ఇది ఎక్కువా? 45 కిలోల విద్యార్థి రెండు పాదాల మీద నిలబడితే పడే పీడనం చదరపు మీటరుకు సుమారు ఒకటిన్నర టన్ను. అంటే గది కలిగించే పీడనం మీ పాదాల కింద పీడనానికి రెండింతలు కూడా లేదు!

మరి నేల ఎందుకు కుంగుతుంది? దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి, మీ పాదం చిన్నది కాబట్టి దాని ఒత్తిడి కొద్ది లోతుకే పోతుంది. పునాది వెడల్పైనదీ పొడవైనదీ కాబట్టి దాని ఒత్తిడి మీటరుకు పైగా లోతుకు పోతుంది. అంత మందం మట్టి నలగాలి. రెండు, మీరు కాసేపు నిలబడి వెళ్ళిపోతారు. గది రాత్రీ పగలూ నిలబడే ఉంటుంది.

పెరుగును గుడ్డలో మూటకట్టి, పైన బరువు పెట్టి చూడండి. నీరు ఒక్కసారిగా కారిపోదు. చుక్క చుక్కగా గంటలకొద్దీ దిగుతుంది. నీరు పోయినకొద్దీ మూట చిన్నదవుతుంది. బంకమట్టి కూడా అంతే. దాని రేణువుల సందులు ఎంతో సన్ననివి. బరువు పడగానే సందుల్లోని నీరు బయటికి పోవాలని చూస్తుంది, కాని దారి ఇరుకు. అందుచేత బంకనేల కుంగడం నెలలూ ఏళ్ళూ సాగుతుంది. ఇసుకలో సందులు పెద్దవి కాబట్టి ఇసుకనేల కుంగేదేదో కట్టేటప్పుడే చాలావరకు కుంగిపోతుంది. నీరు ఇలా మెల్లగా వెళ్ళిపోయి మట్టి నలిగే తీరును కార్ల్ టెర్జాగీ అనే శాస్త్రవేత్త గణితంలో పెట్టి 1925లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. నేటి పునాదుల శాస్త్రానికి అదే పునాది.

ఇప్పుడు అసలు విషయం అర్థమైంది కదూ! మా పాత ఇంటి కింద నేల ముప్పై ఏళ్ళుగా నలిగి నలిగి స్థిమితపడింది. కొత్త గది కింద నేల అప్పుడే నలగడం మొదలుపెట్టింది. ఒకటి కదలడం మానేసింది, రెండోది కదలాలి. ఆ రెండింటినీ మేము ఇటుకలు దూర్చి కట్టిపడేశాం! అవి విడిపోక ఏం చేస్తాయి?

నేలకు నలగడానికి సమయం కావాలన్న సంగతికి ఇటలీలోని పీసా గోపురం గొప్ప సాక్ష్యం. 1173లో మొదలుపెట్టిన ఆ గోపురం, కింది అంతస్తులు లేచేసరికే మెత్తని నేలమీద ఒరగసాగింది. యుద్ధాల మూలంగా కట్టడం దాదాపు నూరేళ్ళు ఆగిపోయింది. ఆ ఆగడమే గోపురాన్ని కాపాడిందని ఇంజనీర్లు చెబుతారు. ఆ వ్యవధిలో కింద బంకమట్టి నలిగి గట్టిపడింది. ఆగకుండా కట్టి ఉంటే గోపురం కూలిపోయేదే. 1990లో దాన్ని మూసివేసి, ఒరిగిన వైపుకు ఎదురువైపు నేలలోంచి మట్టిని కొద్దికొద్దిగా తీసి, ఒరుగును కొంత తగ్గించి 2001లో మళ్ళీ తెరిచారు.

ఊపిరి పీల్చే నేల

ఇక ఏడాదికోసారి వచ్చిపోయే దోషి. మాది గుంటూరుకు పడమరగా ఉన్న నల్లరేగడి ఊరు. పత్తి, మిరప పండే నేల. వేసవిలో మా చేలల్లో నెర్రెలు పడతాయి. మోచేయి దాకా చెయ్యి దూర్చవచ్చు. వానలు పడగానే అవే నెర్రెలు మూసుకుపోతాయి. నేల ఉబ్బుతుంది.

దీనికి కారణం నల్లరేగడిలో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ అనే బంక ఖనిజం. అది పేకముక్కల దొంతరలా పలుచని పొరలు పొరలుగా ఉంటుంది. నీరు ఆ పొరల మధ్యకు దూరి వాటిని ఎడంగా నెడుతుంది. అందువల్ల మట్టి ఉబ్బుతుంది. ఎండినప్పుడు నీరు పోయి పొరలు దగ్గరవుతాయి, మట్టి ముడుచుకుంటుంది. ఎర్రనేలల్లో ఎక్కువగా ఉండే కయోలినైట్ ఖనిజంలో పొరలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. నీటిని లోపలికి అంతగా రానివ్వవు.

మరి ఇల్లంతా కలిసి ఉబ్బి, కలిసి కుంగితే గొడవ లేదు కదా! కాని అలా జరగదు. ఇంటి నడిమి భాగం కింద నేలకు ఎండ తగలదు, వాన తగలదు. ఏడాది పొడుగునా అక్కడ తేమ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అంచుల దగ్గర మాత్రం నేల ఎండుతుంది, తడుస్తుంది. కొత్త గది ఎప్పుడూ అంచునే వస్తుంది. పైగా మా కొత్త గది పునాది రెండడుగుల లోతే తవ్వించాం. ఎండా వానా ఆడుకునే పొరలోనే దాన్ని నిలబెట్టామన్నమాట.

ఎండకు సాగే శ్లాబు

రాతినేల మీద కట్టుకునేవారికి ఈ బెడద లేదనుకుంటున్నారా? అక్కడ కూడా పాతకూ కొత్తకూ పూర్తిగా పొత్తు కుదరదు. కొత్త సిమెంటు పనిలో మిగులు తేమ పోతున్నకొద్దీ గోడ కొంచెం ముడుచుకుంటుంది. పాత గోడ ఆ ముడుచుకోవడం ఏనాడో ముగించింది. ఆపైన ఎండ. కాంక్రీటు ఒక డిగ్రీ వేడెక్కితే దాని పొడవులో సుమారు లక్షవ వంతు పెరుగుతుంది. 4 మీటర్ల శ్లాబు 30 డిగ్రీలు వేడెక్కితే 4,000 మిల్లీమీటర్లలో లక్షవ వంతుకు 30 రెట్లు, అంటే 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. రాత్రికి మళ్ళీ తగ్గుతుంది. ఇది తక్కువే అనిపించవచ్చు. కాని ఇటుక గోడ ఇలాంటి లాగుడుకు ఓర్చుకోలేదు. నొక్కితే ఎంతైనా భరిస్తుంది, లాగితే పగులుతుంది.

పగులుతో వచ్చే అసలు నష్టం అందం చెడడం కాదు. దానిలోంచి వాననీరు శ్లాబులోకి దిగుతుంది. లోపలి ఇనుప చువ్వలు తుప్పుపడతాయి. తుప్పు, అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులూడి మంచం మీద పడుతుంది. మా ఇంట్లో ఒకసారి అలా పడింది. అదృష్టవశాత్తూ అప్పుడు మంచం మీద ఎవరూ లేరు.

ధాన్యపు రాశి నేర్పిన పాఠం

ఇదంతా విన్న ఆ అమ్మాయి మర్నాడు పొద్దున్నే మళ్ళీ పరుగెత్తుకుంటూ వచ్చింది. “మాస్టారూ, మేస్త్రి తవ్వడం మొదలుపెట్టాడు. పాత గోడ వెంబడే తవ్వుతున్నారు. మీరొకసారి రండి” అంది.

వెళ్ళి చూసేసరికి నా గుండె ఝల్లుమంది. పాత గోడ పొడుగునా, దానికి ఆనుకునే గొయ్యి తవ్వారు. అది పాత పునాది అడుగుకంటే ఒక అడుగు లోతుకు పోయింది. పునాది రాళ్ళ కింద మట్టి కనబడుతోంది. గోడకు ఇవతల నాయనమ్మ కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. ఆకాశం మబ్బు పట్టి ఉంది.

కళ్ళంలో ధాన్యపు రాశి చూశారా? రాశి అంచున చేత్తో కాసిని గింజలు తీస్తే ఏమవుతుంది? పైనుంచి గింజలు జారివస్తాయి. రాశి పైభాగాన్ని మోస్తున్నది దాని అంచే. పునాది కింద నేల కూడా బరువును నిట్టనిలువుగా మాత్రమే మోయదు. బరువు కిందికి పోయేకొద్దీ పక్కలకు పరుచుకుంటుంది. పక్కనున్న మట్టి దాన్ని ఒత్తిపట్టి ఉంచుతుంది. ఆ పక్క మట్టిని పునాదికంటే లోతుగా తీసేస్తే, పునాది కింద మట్టి గొయ్యిలోకి జారవచ్చు. ఆ గొయ్యిలోకి వాననీరు చేరితే ఇక చెప్పనక్కరలేదు. పాత గోడ మనుషుల మీదే పడుతుంది.

“నేను ఇంజనీరును కాను. కాని ఈ గొయ్యి ఇలా ఉండగా ఈ ఇంట్లో ఎవరూ పడుకోకూడదు” అని వాళ్ళ నాన్నతో చెప్పాను. ఆయన ఒక్క క్షణం గోడకేసి చూసి, పారలు అందుకోమన్నాడు. మట్టిని కొంచెం కొంచెంగా పోస్తూ, ప్రతి పొరనూ దిమ్మిసతో కొడుతూ ఆ సాయంత్రానికి గొయ్యి పూడ్చారు. నాయనమ్మను ఆ రాత్రికి పక్కింట్లో పడుకోబెట్టారు. తెల్లవారుజామున పెద్ద వాన కురిసింది.

ఎవరి కాళ్ళ మీద వాళ్ళు

రెండు రోజుల తరవాత ఒక ఇంజనీరును పిలిపించారు. ఆయన వేసిన పథకం వింటే మీకే ఆశ్చర్యం కలుగుతుంది.

గోడ పొడుగునా గొయ్యి లేదు. దానికి బదులు పెద్ద బరమా లాంటి పనిముట్టుతో ఆరుచోట్ల నేలను తొలిచారు. ఒక్కొక్క రంధ్రం సుమారు 30 సెంటీమీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల లోతు. ఎండకు ఎండే, వానకు తడిసే పొరను దాటి, తేమ మారని పొరదాకా అవి దిగాయి. అడుగున ప్రతి రంధ్రాన్నీ ఉల్లిగడ్డలా వెడల్పు చేసి, ఇనుప చువ్వలు దించి, కాంక్రీటు పోశారు. పైన నేల ఉబ్బినా ఆ ఉల్లిగడ్డ లంగరులా పట్టుకుంటుంది, పైకి లేవనివ్వదు. నల్లరేగడి నేలలకోసం ఈ రకం పునాదులను మన దేశంలో వాడుకలోకి తెచ్చింది రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ. ఈ ఆరింటినీ కలుపుతూ దూలాలు వేశారు. దూలాల కింద నేలకు తగలకుండా కొన్ని సెంటీమీటర్ల ఖాళీ వదిలారు. ఎందుకో మీరే చెప్పగలరు!

పాత గోడవైపు స్తంభాలను గోడకు ఆనించలేదు, ఒక మీటరు ఎడంగా పెట్టారు. ఆ ఎడాన్ని దాటి దూలాలు పాత గోడవైపు చేతులు చాచినట్టు ముందుకు వచ్చాయి. వాటిమీదే శ్లాబు. పాత గోడమీద కొత్త బరువు ఒక్క కిలో కూడా పడలేదు. పాత గోడకూ కొత్త పనికీ మధ్య, నేలనుంచి శ్లాబుదాకా, 25 మిల్లీమీటర్ల సందు వదిలిపెట్టారు. అందులో థర్మోకోలు పలక దూర్చారు. శ్లాబు పైన, వాన దిగకుండా, సందు మీద గొడుగులా ఒక రేకు కప్పారు. ఆ రేకును పాత గోడకు మాత్రమే బిగించారు. రెండు వైపులా బిగిస్తే మళ్ళీ కథ మొదటికి వస్తుంది కదా! గది లోపల సందు కనిపించకుండా వేసిన పట్టీని కూడా ఒక పక్కనే బిగించారు. గుమ్మం కోసం పాత గోడను కొత్తగా పగలగొట్టలేదు. పాత కిటికీ కింది గోడ తీసేసి దాన్నే గుమ్మం చేశారు. కిటికీ మీది దూలం కదలలేదు.

ఖర్చు పెరిగిన మాట నిజమే. వసారాకు గచ్చు వేయించుకోవడం వచ్చే ఏటికి వాయిదా వేసుకున్నారు.

సిమెంటు ఎండుతుందా, పండుతుందా?

శ్లాబు పోసిన మర్నాటినుంచి ఆ అమ్మాయికి ఒక పని అప్పగించారు. శ్లాబు మీద మట్టితో మడులు కట్టి నీరు నిలపడం, గోడలకు పూటపూటా నీళ్ళు కొట్టడం. “ఎండాల్సినదాన్ని తడుపుతావేమే?” అంది నాయనమ్మ. చాలామంది అలాగే అనుకుంటారు.

సిమెంటు ఎండి గట్టిపడదు. బట్టలు ఆరడం వేరు, సిమెంటు గట్టిపడడం వేరు. సిమెంటు నీటితో రసాయనికంగా కలిసి కొత్త పదార్థాలను ఏర్పరుస్తుంది. అవి సూదుల్లా, పీచుల్లా అల్లుకుపోయి ఇసుకనూ కంకరనూ పట్టేస్తాయి. దీన్ని ఆర్ద్రీకరణం అంటారు. నీరు లేకపోతే ఆ పని సగంలో ఆగిపోతుంది. అందుకే సిమెంటు నీటిలో మునిగి ఉన్నా గట్టిపడుతుంది. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ పేటెంటు పొందిన పోర్ట్‌లండ్ సిమెంటుకు నేటి మన సిమెంటు వారసురాలే.

కలిపేటప్పుడు మాత్రం నీరు ఎక్కువ కాకూడదు. 50 కిలోల సంచికి సుమారు 25 లీటర్లు చాలు. పని సులువవుతుందని ఎక్కువ పోస్తే, ఆ మిగులు నీరు తరవాత ఆవిరైపోయి సన్నని రంధ్రాలను మిగులుస్తుంది. గోడ మరింత ముడుచుకుంటుంది కూడా. కలిపేటప్పుడు పొదుపు, పోసిన తరవాత ధారాళం. ఇదీ సూత్రం. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకూ మన వేసవి ఎండలకూ కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడాలి. మొదటి వారంలో కాంక్రీటుకు మూడింట రెండు వంతుల బలం వస్తుంది. ఇంజనీర్లు లెక్కకు తీసుకునే బలం 28వ రోజుది. ఆ అమ్మాయి పద్నాలుగు రోజులు నీళ్ళు పట్టింది.

మీరు చేసి చూడండి

ఒక తొట్టెలో జానెడు లోతున తడి బంకమట్టి నింపండి. ఒక ఇటుకను దానిమీద నిలబెట్టండి. దాని పక్కన మట్టిమీద రాయి పెట్టవద్దు. రెండు రోజుల తరవాత మొదటి ఇటుకకు ఆనించి రెండో ఇటుక నిలబెట్టండి. రెండింటికీ అడ్డంగా సన్నని కాగితం పట్టీ అంటించి, పై అంచుల ఎత్తు స్కేలుతో కొలిచి రాసుకోండి. మర్నాడు మళ్ళీ కొలవండి. ఏ ఇటుక ఎక్కువ దిగింది? కాగితానికి ఏమైంది?

మీ ఊరి మట్టి ఉబ్బుతుందో లేదో తెలుసుకోవడానికి ఇంకొక పరీక్ష ఉంది. ఇది మీ సైన్సు ఉపాధ్యాయుల ఎదుట, దీపం దరిదాపుల్లో లేకుండా చేయండి. ఎండిన మట్టిని మెత్తగా పొడిచేసి జల్లించండి. రెండు కొలపాత్రల్లో 10 ఘన సెంటీమీటర్ల చొప్పున పోయండి. ఒకదాన్ని నీటితో, ఇంకొకదాన్ని కిరోసిన్‌తో నింపి, కలియబెట్టి, ఒక రోజు కదపకుండా ఉంచండి. కిరోసిన్ బంక పొరల మధ్యకు దూరి వాటిని ఉబ్బించలేదు. నీరు ఉబ్బించగలదు. రెండు పాత్రల్లో మట్టి ఎత్తుల తేడాయే మీ నేల స్వభావం చెబుతుంది.

ఇటీవల ఏప్రిల్‌లో ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. నాయనమ్మ మంచం కొత్త గదిలో, కిటికీ పక్కన ఉంది. ఆ అమ్మాయి సందు దగ్గర పట్టీమీద పెన్సిలు గీతలు గీసి, ప్రతి గీత పక్కనా తేదీ వేసింది. పోయిన ఏడు వానలు ఆగేటప్పటికి 25 మిల్లీమీటర్లున్న సందు ఈ వేసవికి 27 అయింది. పాత గోడా కదలవలసినంత కదిలింది, కొత్త గదీ కదలవలసినంత కదిలింది. ఏ గోడమీదా వెంట్రుకంత పగులు లేదు.

“వానలు పడ్డాక ఎంతవుతుందో చూడాలి మాస్టారూ” అంది, స్కేలు పుస్తకంలో పెట్టుకుంటూ.

మీ ఇంట్లో కూడా పాతకు కలిపి కట్టిన గదో, వసారానో, మెట్లో ఉండే ఉంటుంది. ఈ రోజే అతుకు దగ్గర చూడండి. పగులు ఉంటే పైన వెడల్పా, కింద వెడల్పా? సిమెంటు పూయకముందే ఒక కాగితం ముక్క అంటించి, తేదీ వేయండి.